ఇంటికొక చింతచెట్టు

ధనిష్ఠ కార్తె, మొదటి రోజు

పంచాయతీ ఆఫీసులో దినచర్య రాసే యంత్రం ఉంది. దాని ముందు కూర్చుని నేను నోరు విప్పేలోపే "గ్రామసభ ప్రశాంతంగా ముగిసింది" అని రాసేస్తుంది. సభ ఇంకా మొదలే కాలేదు తల్లీ అంటే "సవరించాం" అంటుంది, మళ్ళీ అదే రాస్తుంది. పైవాళ్ళకు ఏ మాట నచ్చుతుందో దానికి పుట్టుకతోనే తెలుసు. అందుకని ఎర్రదొన సర్పంచ్ ఓబులమ్మ అనే నేను ఈ రోజు నుంచి కాగితం మీద పెన్నుతో రాసుకుంటున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

రాయదగిన రోజే ఇది. కోర్టు తీర్పు వచ్చింది. ఇకమీదట మా ఊరి దారిలో చెట్టు కొట్టాలన్నా, చెట్టున్న చోట ప్రకటన బోర్డు పాతాలన్నా ఆ చెట్టు మీద హక్కున్నవాళ్ళు ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ దారిచూపు చట్టమే రాజ్యమేలింది. రోడ్డున పోయేవాడి కంటికీ బోర్డుకూ మధ్య ఏది అడ్డమొచ్చినా కంపెనీ తీసేయొచ్చని ఆ చట్టం. మాకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నీ అలాగే బోడిగుండ్లయ్యాయి. రంపం మా పొలిమేరకు వచ్చిన రోజున మేం చెట్లను వాటేసుకుని నిలబడ్డాం. కోర్టు ఆగమనే దాకా కదల్లేదు.

పడమటి పొలిమేర నుంచి వాగు వంతెన దాకా రోడ్డుకు రెండు పక్కలా మా చింతచెట్లు. పొద్దెక్కి, ఎండ ముదిరింది నీడకు చేరండని హెచ్చరించే ఎండకూత మోగగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి ఊరు ఊరంతా ఆ నీడకు చేరుతుంది. బడి అక్కడే, క్షవరం అక్కడే, మొగుడూ పెళ్ళాల తగాదాలూ అక్కడే. ఎండకూత మోగాక బయట నిలబడితే ఏమవుతుందో చూడాలంటే మా ఇంటికి రండి, మా ఆయన తిప్పన్న ఉన్నాడు. (మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ అనేది. పంచాయతీ కాగితాల మీద రాసీ రాసీ నాకా భయం పోయింది.) రోడ్డు పనిలో ఎండదెబ్బ తగిలి పడిపోయాడు. బతికాడు గానీ ఆ నాటి నుంచి ఒంటికి చెమట పట్టదు. లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. తడిగుడ్డ కప్పి చెట్టు కింద పడుకోబెట్టాలి. రేకుల ఇంట్లో ఉంచితే జొన్నముద్ద ఉడికినట్టు ఉడికిపోతాడు.

జడ్జీగారి ముందు చెట్లు ఊరి ఆస్తి అన్నాను. నాకు మాత్రం అవి మా ఆయన ప్రాణం. ఆ మాట కోర్టులో చెబితే సొంత లాభం అంటారని చెప్పలేదు.

చెట్ల కింద టీ అమ్మే మస్తాన్‌బీ, నాతో పాటు రంపానికి ఎదురు నిలబడిన మనిషి, ఈ రోజు ఊరందరికీ ఊరికే టీ పోసింది. "రేపట్నుంచి మాత్రం రేటే, సర్పంచమ్మకైనా సరే" అని చెప్పి మరీ పోసింది.

ధనిష్ఠ కార్తె, ఆఖర్న

చింతకాపు వేలం ఆపేశాను. మా తాతల నాటి ఆచారం అది. ఏటా ఈ కార్తెలో పంచాయతీ చెట్ల కాపు వేలం వేస్తుంది. ఏటా వెంకటరాముడే పాడుకుంటాడు. గెడలతో కొమ్మలు విరగబాది కాయ రాల్చుకుపోతాడు. వాడికి కాయ కావాలి, చెట్టు కాదు. ఊరివాళ్ళకు నీడ కావాలి గానీ ఎండిపోతున్న మొదట్లో చెంబెడు నీళ్ళు పోసినవాడు లేడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

అందుకని చీటీలు వేయించాను. ఇంటికొక చెట్టు. కాపు వాళ్ళది, చిగురు వాళ్ళది, నీళ్ళు పోసే బాధ్యత వాళ్ళది, తీర్పులో రాసిన హక్కూ వాళ్ళదే. ఇందులో ఇంకో ఎత్తు కూడా ఉంది. ఈ రోజు నేను సర్పంచ్‌ని, రేపు ఎవరో. ఒక్క సర్పంచ్‌ని పట్టుకుని, సభకు బిర్యానీ పెట్టి సంతకం చేయించుకోవడం కంపెనీకి ఎంతసేపు? ప్రతి ఇంటి గడపా తొక్కి ప్రతివాణ్ణీ ఒప్పించమనండి చూద్దాం.

వెంకటరాముడు చీటీ తీసుకున్నాడు గానీ నసుగుతూనే ఉన్నాడు.

"ఓబక్కా, ఉమ్మడి సొత్తును ఎవుడూ అమ్ముకోలేడు. దానిమీద ఒకని పేరు రాసినావంటే అప్పుడు ధర పలుకుతాది. వేలం పాడేవాన్ని, నాకు తెల్దా?"

"నీ వేలం పోయిందని నీ ఏడుపు."

"నా ఏడుపు నాదేలే. నా మాట ఇనుకో."

తూకంలో ఏనాడూ నిజం చెప్పనివాడు మాటలో చెబుతాడా? నేను వినలేదు.

శతభిష కార్తె

ఊరు మారిపోయింది. చెట్టు మొదళ్ళకు సున్నం పట్టీలు కొట్టి, ఎర్రమన్నుతో ఇంటి పేర్లు రాశాం. అంతే, ఎవరి చెట్టు వాళ్ళకు బంగారం. పొద్దు పొడవకముందే బిందెలు బారులు. స్నానం చేసిన నీళ్ళూ, బియ్యం కడిగిన నీళ్ళూ అన్నీ చెట్టుకే. ఎండిందనుకున్న కొమ్మలు కూడా చిగురు వేశాయి. "మా చెట్టు చిగురు పులుపు మీ చెట్టుకు యాడొస్తాది?" అని ఆడవాళ్ళు ఒకరినొకరు దెప్పుకుంటుంటే వినడానికి హాయిగా ఉంది. ఒకరి మేక ఇంకొకరి కొమ్మ కొరికిందని నా దగ్గరికి పంచాయితీ వచ్చింది. కొరికింది అర గుప్పెడు. అరిచింది అర పూట.

మాకు వంతెన దగ్గరి చెట్టు వచ్చింది. మంచి దట్టమైన చెట్టు. తిప్పన్న మంచం దాని కిందే. పై కొమ్మల్లోకి చూస్తూ పడుకుని "ఓబులమ్మా, సర్పంచయినాక నువ్వు చేసిన మంచి పని ఇదొక్కటే" అన్నాడు. మిగతావన్నీ ఏమయ్యాయో అడగలేదు. నవ్వొచ్చింది, సంతోషం వేసింది.

ఒక్కటే నచ్చలేదు. లింగన్నకు చీటీలో పిడుగుపడిన చెట్టు వచ్చింది. సగం మోడు. ఎండకూత మోగాక అతను కోడలినీ, చంటి మనవరాలినీ తీసుకుని పక్క చెట్టు కిందికి వెళ్తే ఆ ఇంటావిడ "మీ చెట్టు మీకుంది గదన్నా" అందట. ఇదివరకు ఎవరు ఎక్కడ కూర్చున్నా అడిగినవాళ్ళు లేరు. నేను ఆమెను పిలిచి మందలించాను. తల ఊపింది. రెండు రోజుల తర్వాత నీడ చుట్టూ ముళ్ళకంప వేసింది.

రేవతి కార్తె

కంపెనీ మనిషి వచ్చాడు. పేరు సుధీంద్ర. పక్క మండలంవాడే. సూటూ బూటూ వేసుకుని ఇంగ్లీషు దంచే మనిషి వస్తే తరిమేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. వీడేమో చెప్పులు నీడ అంచున విడిచి "పెద్దమ్మా, బాగుండారా?" అంటూ వచ్చి, మా ఆయన మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మేము చెట్టు కొట్టమని ఎవుర్నీ అడగం పెద్దమ్మా. కోర్టు మాట మాకు శిరోధార్యం. అడిగినోళ్ళకు చలువ బోర్డు పెడతాం. అంతే."

చలువ బోర్డు సంగతి పక్క ఊళ్ళలో విన్నదే. ఎండ తిని చలువ కక్కుతుంది. ఎంత ఎండ తగిలితే అంత చల్లటి గాలి. పైసా ఇవ్వక్కర్లేదు, దాని మీద ప్రకటనలు ఆడుతుంటాయి, ఇష్టముంటే చూడొచ్చు, లేకుంటే లేదు. నీడ పడితే మాత్రం ఆగిపోతుంది. బోర్డులు పాతడానికి ప్రభుత్వం రోడ్డు అంచే ఇచ్చింది. ఆ అంచున మా చెట్లున్నాయి.

మా ఊరికి అక్కర్లేదన్నాను. అతను నవ్వుతూ లేచి, గాలివానకు కూలిన చెట్టు తాలూకు ఖాళీ చూపించి, అక్కడ ఒకటి పాతుకుంటామన్నాడు.

"మేం ఒప్పుకోం."

"ఆడ చెట్టు లేదు గద పెద్దమ్మా. చెట్టు లేనికాడ హక్కుదారు ఎవురు? అడగాల్సిన పని లేదు. అయినా మీరు పెద్దోళ్ళు, చెప్పి పెట్టల్లని వచ్చినా."

తీర్పు తీసి మళ్ళీ చదివాను. నిజమే. చెట్టున్న చోట అనే ఉంది.

అశ్వని కార్తె

బోర్డు నిలబెట్టారు. వింత ఏమిటంటే దాని ముఖం రోడ్డు వైపు లేదు, ఊరి వైపు ఉంది. ముందు పొరపాటున తిప్పారనుకున్నాను. తర్వాత తట్టింది. రోడ్డు మీద బండ్లు వాటంతటవే పోతుంటాయి, లోపలివాళ్ళు తెరలు దించుకుని నిద్రపోతుంటారు. వాళ్ళెవరు చూస్తారు బోర్డును? కదలకుండా ఒకచోట కూర్చునేవాళ్ళు మేమే. కంపెనీకి కావలసింది రోడ్డు కాదు, మేము.

ఎండకూత మోగాక చలువ అలా అలా వచ్చి తగిలింది. అబద్ధం ఎందుకు రాయాలి? బాగుంది. కుండ నీళ్ళలో ముంచిన చెయ్యి వీపు మీద పెట్టినట్టుంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు అటు పోయారు. బోర్డు మీద ఎవరో నాజూకు పిల్ల ఏదో ఒంటి సబ్బు గురించి చెబుతోంది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. బడి పంతులు కేకలేసి కేకలేసి, చివరికి తనూ వెళ్ళి వాళ్ళ వెనక కూర్చున్నాడు.

భరణి కార్తె

లింగన్న బోర్డు కోసం తన చెట్టు కొట్టించాడు.

రంపం చప్పుడు విని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే పడిపోయింది. పేరు రాసిన మొదలు ఒక్కటే మిగిలింది. నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఎవుర్నడిగి కొట్టించినావు లింగన్నా? మనమంతా ఒకటై నిలబడింది ఇందుకేనా?"

"ఎవుర్నడగల్ల?" అన్నాడు. అరవలేదు. మనవరాలిని ఎత్తుకుని ఉన్నాడు. దాని మెడ చుట్టూ చెమటకాయలు పగిలి పుండ్లయ్యాయి. "నా పేరే గదక్కా దానిమీద నువ్వు రాసినావు. మోడు నాకిస్తివి. పక్క చెట్టు కిందికి పోతే కంప ఏసిరి. మీయన పండుకునే నీడలోకి ఈ పిల్లను రానిచ్చినావా ఎప్పుడైనా?"

రానిచ్చేదాన్నే. అడిగితే కదా, అనబోయాను. ఇదివరకు ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదని గుర్తొచ్చింది.

భరణి కార్తె, ఆఖర్న

ఇదొక అంటురోగం. పొద్దున పూట వెంకటరాముడి చెట్టు నీడ లింగన్న బోర్డు మీద పడుతుంది. చలువ ఆగిపోతుంది. "నీ కొమ్మలు కొట్టుకో" అని లింగన్న కోడలు. "నా చెట్టు, నా ఇష్టం" అని వెంకటరాముడు. తలలు పగిలే దాకా వచ్చింది. చివరికి వెంకటరాముడు అటువైపు కొమ్మలు నరికించాడు. నరికించాక అతనికి నీడ చాలలేదు. నీడ చాలక తనూ బోర్డు అడిగాడు. ఆ బోర్డుకు అవతలి చెట్టు అడ్డం. అవతలివాళ్ళు నాలుగు రోజులు తిట్టుకుని ఐదో రోజు సుధీంద్రకు కబురు పెట్టారు. సుధీంద్ర ఎవరి ఇంటి గడపా తొక్కలేదు. వంతెన మీద గొడుగు వేసుకుని కూర్చుంటాడు, వాళ్ళే వెళ్తున్నారు.

సభ పెట్టాను. పేర్లు చెరిపేద్దాం, చెట్లన్నీ మళ్ళీ ఊరివే చేద్దామన్నాను. బోర్డు వచ్చినవాళ్ళు నవ్వారు. చెట్టున్నవాళ్ళు ఎగబడ్డారు.

"బిందెలు మోసి పెంచుకున్యాం, ఇప్పుడు ఊరికిచ్చేయల్లనా?" అంది కంప వేసిన ఆవిడ.

కోర్టులో మా తరఫున వాదించిన వకీలును అడిగితే ఇచ్చిన హక్కును హక్కుదారే వదులుకోవాలి గానీ పంచాయతీ లాక్కోలేదన్నాడు. తీర్పులో ఆ మాట నేనే పట్టుబట్టి రాయించుకున్నాను, కంపెనీ లాక్కోకుండా ఉండాలని. సభ అయ్యాక వెంకటరాముడు నా పక్కగా నడుస్తూ వచ్చాడు. నేను చెప్పలేదా అంటాడని చూశాను. అనలేదు. అది ఇంకా మంట పుట్టించింది.

ఆఫీసులో యంత్రం ఏం రాసిందో వేరే చెప్పాలా?

కృత్తిక కార్తె

ఇక మిగిలినవి మస్తాన్‌బీ చెట్టూ, మా చెట్టూ. ఆమెది పడమటి పొలిమేరలో, మాది తూర్పున వంతెన దగ్గర. మధ్యలో రోడ్డంతా బోర్డులు, నా ఎదుట బొమ్మలు ఆడుతూ.

మస్తాన్‌బీ ఈ రోజు ఉదయం తనే వచ్చింది. టీ గ్లాసు నా చేతికిచ్చి, తను తాగకుండా నిలబడింది.

"తాగేటోళ్ళంతా ఆడ కూచున్నారు ఓబక్కా. నేనీడ ఎవురికి పొయ్యల్ల?"

"నువ్వు కూడానా?"

"ఆ మాట అనొద్దు. నీతో పాటు నేనూ చెట్టుకు అతుక్కోని నిలబడినా. నా వీపు మీద ఇంగా ఆనాటి దెబ్బల గీతలుండాయి. అప్పుడు మనల్ని కొట్టేటోళ్ళు ఎదురుగా ఉండిరి. ఇప్పుడు ఎవురుండారు చెప్పు? ఎవుర్ని తిట్టల్ల?"

సుధీంద్రను తిట్టాలంటే వాడు నాకు నమస్కారం పెడతాడు. ఊరిని తిట్టాలంటే అందరి ఇళ్ళలో చంటిపిల్లలో, ముసలివాళ్ళో ఉన్నారు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రానికి ఆమె చెట్టు లేదు.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఈసారి వంతెన గోడే పగిలింది.

వరుసగా చెట్లున్నప్పుడు గాలి ఒక నీడలోంచి ఇంకో నీడలోకి వచ్చి చల్లబడేది. ఇప్పుడు కాలిన తారు మీదుగా తిన్నగా వచ్చి మా చెట్టుకు తగులుతోంది. చిగురు మాడింది. ఆకు రాలుతోంది. నేను ఎన్ని బిందెలు పోసినా మధ్యాహ్నానికి నేల నోరు తెరుస్తోంది. నీడ జల్లెడలా అయిపోయింది. మంచాన్ని నీడ ముక్క నుంచి నీడ ముక్కకు లాగుతూ పూటంతా గడుస్తోంది.

నిన్న తిప్పన్న ఒళ్ళు కాలిపోయింది. తడిగుడ్డ వేసిన కాసేపటికే ఆరిపోతోంది. నన్ను ఎవరో అనుకుని మాట్లాడాడు. వాళ్ళమ్మ అనుకున్నాడేమో. బోర్డు దగ్గరికి మంచం మోసుకుపోదామంటే ఎవరి బోర్డు కింద వాళ్ళ మంచాలు పడ్డాయి, సందు లేదు. లింగన్న మాత్రం తన మనవరాలి ఉయ్యాల పక్కకు జరిపి కాసేపు చోటిచ్చాడు. నా మొహం చూడకుండా ఇచ్చాడు. ఆ చలువలో మా ఆయనకు తెలివి వచ్చింది.

తెలివి రాగానే అడిగాడు. "మనకూ ఒకటి రాదా ఓబులమ్మా?"

"చెట్టు కొట్టల్ల."

తల తిప్పి మా చెట్టు వైపు చూశాడు. నేను మనసులో వేడుకున్నాను. వద్దంటాడేమో, నేను పోయినా పర్వాలేదు చెట్టుండనీ అంటాడేమో, అలా అంటే నేను ఏడ్చి, తిట్టి, చెట్టును నిలబెట్టుకుని గొప్పగా ఉందామనుకున్నాను. ఎంత పాపిష్టి ఆశ!

"నాకు సావల్లని లేదు" అన్నాడు. "చెట్టు నీ పేరుమీదుంది. ఒళ్ళు నాది గదా."

వంతెన దాకా నేనే నడిచి వెళ్ళాను. సుధీంద్ర లేచి నిలబడ్డాడు. "కూచోండి పెద్దమ్మా" అని గొడుగు నా వైపు వంచాడు. సంతకం పెట్టాను. రంపం దాని పని అది చేస్తున్నప్పుడు నేను పారిపోలేదు. అడ్డమూ పడలేదు. పక్కన నిలబడి చూశాను. నా జన్మలో అంత అసహ్యం నా మీద నాకు ఎప్పుడూ వేయలేదు.

రోహిణి కార్తె, ఆఖర్న

చలువ బాగుంది. రాయక తప్పదు, బాగుంది. తిప్పన్న కడుపునిండా తింటున్నాడు. గురక పెడుతున్నాడు. ఆ గురక విని నేనూ పగటిపూట నిద్రపోయాను, ఎన్నాళ్ళకో. లింగన్న మనవరాలి మెడ మానింది. ఊళ్ళో తగాదాలు లేవు. నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు కూడా "ఇంగేమక్కా, ఇప్పుడు సుఖంగుందా?" అని పలకరిస్తున్నారు. సుఖంగానే ఉందన్నాను. నేనే తప్పుగా పట్టుబట్టానేమో, ఇన్నాళ్ళూ ఊరిని ఊరికే ఎండబెట్టానేమో అని కూడా అనిపించింది.

మృగశిర కార్తె

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడాలి. మబ్బు తునక లేదు.

కార్తె మొదలైన రోజే ఎండకూత మోగింది, చలువ రాలేదు. అందరం బోర్డుల కింద చేరి పైకి చూశాం. చూడగానే వచ్చింది. హమ్మయ్య అని మాటల్లో పడ్డాం. ఆగిపోయింది. మళ్ళీ చూశాం. మళ్ళీ వచ్చింది. బోర్డు మీద అక్షరాలు నడిచాయి: చూసేవారికే చలువ.

ఎన్ని కళ్ళు చూస్తే అంత గాలి. రెండు కళ్ళకు ఒక మంచానికి చాలినంత. కళ్ళు మూస్తే లేదు. పక్కకు తిప్పితే లేదు. చంటిపిల్లల కళ్ళు లెక్కలోకి రావట.

సుధీంద్ర కోసం వంతెన దగ్గరికి వెళ్ళాను. గొడుగు లేదు. ఫోన్ చేస్తే ఎత్తాడు, అదే గొప్ప.

"నన్ను తీసేసినారు పెద్దమ్మా. సమ్మతులన్నీ అయిపోయినాయి గదా, ఇంగ నాతో పనేముంది?" వెనక ఏదో ప్రకటన పాట వినిపిస్తోంది. "నేనూ బోర్డు ముందరే కూచోనుండా. తల తిప్పకుండా మాట్లాడతాండా, ఏమనుకోవద్దండి."

వకీలు దగ్గరికి పోయాను. కోర్టు మా చేతికిచ్చిన అధికారం ఉంది కదా, బోర్డు మా ఒప్పుదల లేకుండా ఇలా మారకూడదు కదా అన్నాను. అతను జాలిగా చూశాడు. అధికారం చెట్టు హక్కుదారుకు ఇచ్చింది. చెట్టు లేదు కాబట్టి హక్కుదారు లేరు. ఎర్రదొన దారిలో ఇప్పుడు ఏం చేయాలన్నా ఎవరినీ అడగాల్సిన పని లేదట. దారిచూపు చట్టం కింద మేం పోగొట్టుకుంది కొంచెమే, మా తీర్పు కింద మొత్తం పోగొట్టుకున్నాం అనలేదు అతను. నేనే అనుకున్నాను, బస్సులో వస్తూ.

చింతగింజలు నానబెట్టి మొదళ్ళ పక్కన పాతాను. మొలకలు వచ్చాయి. బోర్డులకు తగిలిన ఎండ వాటికీ తగిలింది. రెండు రోజులు నిలబడి వాడిపోయాయి.

ఆరుద్ర కార్తె

వాన లేదు.

ఊళ్ళో వంతులు వేసుకున్నారు. ఒకప్పుడు కాలవ నీళ్ళకు వంతులుండేవి, ఇప్పుడు కళ్ళకు. ఇంట్లో ఒకరు చూస్తుంటే ఒకరు పడుకోవాలి. లింగన్న కోడలు చూస్తుంటే బిడ్డ పడుకుంటుంది. లింగన్న చూస్తుంటే కోడలు వండుతుంది. చూసేవాళ్ళు లేని ముసలాళ్ళ కోసం అద్దె కళ్ళ బేరం మొదలైంది. వెంకటరాముడు బాగా సంపాదిస్తున్నాడని విన్నాను. వాడి కళ్ళు ఎర్రటి నిప్పుల్లా ఉన్నాయట. నేను చూడలేదు. ఎవరూ ఎవరినీ చూడడం లేదు.

మా ఇంట్లో చూసేదాన్ని నేనే. తిప్పన్న మెలకువగా ఉన్నప్పుడు తనూ చూస్తాడు, కానీ చూసి చూసి నీరసం వచ్చి రెప్పలు వాలిపోతాయి. వాలగానే ఒళ్ళు వేడెక్కుతుంది. కాబట్టి మధ్యాహ్నమంతా నాదే వంతు. నా రెండు కళ్ళకు వచ్చే గాలి ఒక్క మంచానికే చాలుతుంది. ఆ మంచం ఆయనది. నేను ఎండలోనే ఉంటాను.

ఎన్ని చూశానో. తలనూనెలు, తాళాలు, పెళ్ళిసంబంధాలు, నేనెప్పుడూ ఎక్కబోని విమానాలు. ఒక పాట ఉంది, గిన్నెలు తోమే పొడి గురించి. నిద్రలో కూడా పాడుతున్నానట. తిప్పన్న చెప్పాడు.

మస్తాన్‌బీ టీ అమ్మడం మానేసింది. టీ పోయాలంటే గ్లాసు వైపు చూడాలి కదా. వేరు కాపురమున్న కొడుకు ఇంట్లో కళ్ళు చాలక ఆమె పొలిమేర వదిలి ఇటు వచ్చింది. ఆ కొడుకు బోర్డు మా పక్కనే, ఆమె నా పక్కనే కూర్చుంటుంది. మోచేయి మోచేయి తగులుతుంది. మొహం చూసి రోజులైంది.

ఇందాక ఉన్నట్టుండి అడిగింది. "ఓబక్కా, నేనీపొద్దు ఏం రంగు చీర కట్టుకున్యా చెప్పు?"

"పచ్చది."

"కాదు."

"ఎర్రది?"

"నాకూ గుర్తు లేదులే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం బోర్డు వైపు చూస్తూనే నవ్వాం. కాసేపటికి ఆమె నవ్వు ఆగినట్టు లేదు, ఊపిరి మారింది. ఏడుస్తోందేమో. కళ్ళ నిండా నీళ్ళుంటే బోర్డు ఒప్పుకోదు. తుడుచుకో అని చెప్పాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఉదయం నుంచీ తంటాలు పడుతున్నాను. పెన్ను పట్టి తల వంచగానే గాలి తగ్గుతుంది. ఒక మాట రాస్తాను, తల ఎత్తుతాను, మళ్ళీ ఒక మాట రాస్తాను. చూడకుండా రాద్దామని ప్రయత్నించాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. యంత్రానికి చెబితే రాసుకుంటుంది కానీ అది ఏం రాస్తుందో నాకు తెలుసు.

తిప్పన్న కదిలాడు. మూలిగాడు. ఒక చెయ్యి కాగితం మీదే ఉంచి రెండో చేత్తో ఆయన నుదురు తాకాను, కాలుతోంది. ఇక రాయలేను. తల ఎత్తుతున్నాను.